పాలకుడి మాట ఎంతవరకు చెల్లుతుంది: ఇస్లాం సంప్రదాయంలో విధేయత, నిరాకరణ, తిరుగుబాటు

శుక్రవారం జుమా నమాజుకు ముందు ఇమాం రెండు ఖుత్బాలు (ధార్మిక ప్రసంగాలు) చదువుతారు. మన ఉపఖండంలోని చాలా మసీదుల్లో తరతరాలుగా చదువుతూ వస్తున్న రెండో ఖుత్బాలో ఒక అరబ్బీ మాట ఉంటుంది. సుల్తాను భూమిపై అల్లాహ్ నీడ అనీ, భూమిపై అల్లాహ్ నిలిపిన అధికారాన్ని కించపరిచినవాణ్ణి అల్లాహ్ కించపరుస్తాడనీ దాని భావం. సుల్తానులు పోయి ఎంతో కాలమైనా ఆ మాట ఖుత్బాలో నిలిచే ఉంది. అర్థం తెలిసి వినేవారు తక్కువ. అదే గోదావరి డెల్టా ఊళ్లలో ముహర్రం నెల రాగానే పీర్లు లేస్తాయి, కులమతాల పట్టింపు లేకుండా జనం వాటి వెంట నడుస్తారు. ఆ పీర్లు ఎవరి జ్ఞాపకమో ఊళ్లో అందరికీ తెలుసు. సింహాసనం మీద ఉన్న యజీద్‌కు విధేయతా ప్రమాణం చేయనని చెప్పి క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో అనుచరులతో సహా ప్రాణాలు ఇచ్చిన హుసేన్, ముహమ్మద్ ప్రవక్త (స) మనవడు.

ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూసినవారు సాధారణంగా రెండు తొందరపాటు నిర్ణయాల్లో ఒకదానికి వస్తారు. ఎటువంటి పాలకుడికైనా తలవంచమనడమే ఇస్లాం బోధ అని కొందరంటారు. దైవచట్టం తప్ప మరే చట్టాన్నీ ముస్లిం ఒప్పుకోజాలడని మరికొందరంటారు. రెండు వాదాలకూ వాక్యాలు దొరుకుతాయి కనుక వాదన ఎప్పటికీ తెగదు. పండితులు శతాబ్దాలుగా చర్చించిన విషయాన్ని విడదీసి చూస్తే అందులో మూడు వేర్వేరు ప్రశ్నలు కనిపిస్తాయి. ఈ పాలకుడి అధికారం చెల్లుతుందా? అతడిచ్చిన ఈ ఆజ్ఞను పాటించాలా? పాటించకూడదని తేలినప్పుడు అతనిపై కత్తి ఎత్తవచ్చా? మొదటిదానికి అవునని, రెండోదానికి కాదని, మూడోదానికీ కాదని ఒకే మనిషి ఒకేసారి చెప్పవచ్చు. సున్నీ సంప్రదాయపు ప్రధాన స్రవంతి చెప్పినది ఇంచుమించు అదే. మూడు ప్రశ్నలనూ కలిపి ముద్ద చేసినప్పుడే ఆ సంప్రదాయం బానిసత్వంగానో, నిత్య తిరుగుబాటుగానో కనిపిస్తుంది.

చర్చ అంతటికీ పునాది ఖుర్ఆన్ నాలుగో అధ్యాయంలోని 59వ వాక్యం. విశ్వాసులు అల్లాహ్‌కు విధేయులై ఉండాలనీ, ప్రవక్తకు విధేయులై ఉండాలనీ, తమలో అధికారం గలవారికి కూడా అనీ, ఏ విషయంలోనైనా వివాదం వస్తే దానిని అల్లాహ్‌కూ ప్రవక్తకూ నివేదించాలనీ అది ఆదేశిస్తుంది. విధేయులు కండన్న ఆజ్ఞను అల్లాహ్ విషయంలో ఒకసారి, ప్రవక్త విషయంలో మరోసారి చెప్పిన వాక్యం అధికారుల దగ్గరకు వచ్చేసరికి దానిని మళ్లీ చెప్పలేదు. కాబట్టి పాలకుడి పట్ల విధేయత సొంత కాళ్ల మీద నిలిచేది కాదని, మొదటి రెండింటికి లోబడి ఉన్నంతవరకే నిలుస్తుందని వ్యాఖ్యాతలు తేల్చారు. ఇంతకన్నా ముఖ్యమైనది, తరచూ ఉదహరించేవారు వదిలేసేది, వాక్యం చివరి భాగం. వివాదం పాలకుడికీ పాలితులకూ మధ్యనే వస్తే తీర్పరి పాలకుడు కాడు. దీనికి ముందున్న 58వ వాక్యం అప్పగింతలను వాటి హక్కుదారులకు చేర్చమని, జనం మధ్య న్యాయంగా తీర్పు చెప్పమని ఆదేశిస్తుంది. మొదటిది పాలకులకు, రెండోది పాలితులకు అని ధర్మశాస్త్ర పండితుడు ఇబ్ను తైమియ్యా రాజ్యపాలన మీద రాసిన గ్రంథాన్ని ఈ రెండు వాక్యాలతోనే మొదలుపెట్టాడు. అధికారం గలవారంటే ఎవరన్న విషయంలోనూ ఏకాభిప్రాయం లేదు. సేనానులూ పాలకులూ అని కొందరు, ధర్మశాస్త్ర పండితులని కొందరు, ప్రవక్త వంశంలోని ఇమాంలు మాత్రమేనని షియాలు చెప్పారు.

బుఖారీ, ముస్లిం అనే ఇద్దరు పండితులు కూర్చిన హదీసు (ప్రవక్త మాటలు, చేతల కథనాలు) సంకలనాలు రెండింటిలోనూ ఉన్న ఒక ఉదంతం ఈ హద్దును సూటిగా చూపుతుంది. ప్రవక్త ఒక దళాన్ని పంపుతూ ఒకరిని నాయకుడిగా నియమించి, అతని మాట వినమని సైనికులకు చెప్పారు. దారిలో ఏదో విషయానికి నాయకుడికి కోపం వచ్చింది. కట్టెలు పోగుచేయించి, మంట పెట్టించి, నా మాట వినమని ప్రవక్త మీకు చెప్పలేదా అని అడిగి, అందులోకి దూకమన్నాడు. కొందరు దూకడానికి సిద్ధపడ్డారు. మనం నిప్పునుంచి తప్పించుకోవడానికే కదా ప్రవక్తను ఆశ్రయించాం అని మిగిలినవారు ఆగారు. ఈలోగా మంట ఆరింది, నాయకుడి కోపమూ చల్లారింది. తిరిగి వచ్చి ఈ సంగతి చెప్పినప్పుడు, అందులో దూకి ఉంటే ఇక ఎన్నటికీ బయటికి వచ్చేవారు కాదని, విధేయత మంచి పనిలోనే అని ప్రవక్త అన్నారు. ఆ దళం చేసినది గమనించదగినది. వారు నాయకుడి ఆజ్ఞను పాటించలేదు; అలాగని అతన్ని కట్టిపడేసి మరొకరిని నాయకుడిగా ఎన్నుకోనూ లేదు.

ప్రవక్త మరణానంతరం 632లో తొలి ఖలీఫాగా బాధ్యత చేపట్టిన అబూబక్ర్ చేసిన ప్రసంగం ఇదే ధోరణిలో సాగుతుంది. మీలో అందరికన్నా ఉత్తముణ్ణి కాకపోయినా మీపై నన్ను నియమించారు, మంచి చేస్తే తోడ్పడండి, తప్పు చేస్తే సరిదిద్దండి, నేను అల్లాహ్‌కూ ప్రవక్తకూ విధేయుడినై ఉన్నంతకాలమే నాకు విధేయులై ఉండండి అని ఆయన చెప్పినట్టు చరిత్రకారులు నమోదు చేశారు. సరిదిద్దండి అన్నారు, బాగానే ఉంది. పాలకుడు సరిదిద్దనివ్వకపోతే ఏం చేయాలో ఆ ప్రసంగంలో లేదు. తర్వాతి శతాబ్దాల తర్జనభర్జన అంతా ఆ ఖాళీ చుట్టూ తిరిగింది.

హదీసులు రెండు వైపులా ఉన్నాయి. ఎండు ద్రాక్షలాంటి తలగల హబ్షీ బానిసను మీపై నియమించినా వినండి, పాటించండి అన్నది ఒకటి. దుర్మార్గపు పాలకుడి ఎదుట చెప్పే న్యాయమైన మాట అత్యుత్తమ జిహాద్ అన్నది మరొకటి. ప్రవక్త సహచరుడు ఉబాదా బిన్ సామిత్ చెప్పిన విధేయతా ప్రమాణంలో, బాహాటమైన అవిశ్వాసం కంటితో చూస్తే తప్ప అధికారంలో ఉన్నవారితో పదవి కోసం పెనుగులాడకూడదన్న షరతు ఉంది. పాలకుడు నీ వీపు మీద కొట్టినా, నీ సొమ్ము లాక్కున్నా విను, పాటించు అన్న హదీసును నేటి గల్ఫ్ రాజ్యాల ఆస్థాన పండితులు పదేపదే చదువుతారు. అది ముస్లిం సంకలనంలో ఉన్న మాట నిజమే. అయితే ఆ పాఠం చేరిన గొలుసులో ఒక లంకె తెగి ఉందని పదో శతాబ్దపు హదీసు విమర్శకుడు దారఖుత్నీ ఎత్తిచూపిన సంగతిని వారు అంత తరచుగా చెప్పరు. మన ఖుత్బాలోని దైవనీడ మాటనూ హదీసు శాస్త్రజ్ఞులు బలహీనమైనదిగానే లెక్కించారు. దాని రెండో సగం, అధికారాన్ని కించపరచవద్దన్న భాగం, తిర్మిజీ సంకలనంలో ఉంది. దాని సందర్భం చిన్నదే: గవర్నరు పలుచని మేలి వస్త్రాలు కట్టుకొని మింబరు (మసీదులో ప్రసంగ వేదిక) మీద నిలబడితే, వినేవారిలో ఒకరు ఆ దుస్తులను ఎద్దేవా చేయగా, ప్రవక్త సహచరుడు అబూబక్రా వారిస్తూ చెప్పిన మాట అది. దాన్ని రాజద్రోహ చట్టంగా సాగదీయడం తర్వాతివారి పని.

సున్నీ పండితులలో అధికులు సాయుధ తిరుగుబాటును కాదనడానికి కారణం ముఖస్తుతి అనుకుంటే చరిత్రకు అన్యాయం చేసినట్టే. 656లో మూడో ఖలీఫా ఉస్మాన్‌ను తిరుగుబాటుదారులు ఆయన ఇంట్లోనే చంపారు. ఆ ఏడాదే బస్రా దగ్గర జమల్ యుద్ధంలో ప్రవక్త సహచరులు ఒకరిపై ఒకరు కత్తులు దూశారు. 657లో సిఫ్ఫీన్ యుద్ధం జరిగింది. దాని మధ్యవర్తిత్వాన్ని నిరసించి నాలుగో ఖలీఫా అలీ సైన్యం నుంచి చీలిపోయిన ఖవారిజులు, పెద్ద పాపం చేసినవాడు పాలకుడైనా సరే ముస్లిమే కాడనీ వధ్యుడనీ ప్రకటించారు. 661లో అలీని చంపినవాడు వారిలో ఒకడే. 680లో కర్బలా. 692లో మక్కా ముట్టడిలో అబ్దుల్లా బిన్ జుబైర్ మరణం. ఆ తర్వాత ఇరాక్ గవర్నరు హజ్జాజ్ క్రూరత్వం భరించలేక ఇబ్ను అష్అస్ నాయకత్వంలో లేచిన తిరుగుబాటులో సయీద్ బిన్ జుబైర్ వంటి మహాపండితులే చేరారు. అది అణగారిపోయింది, సయీద్‌ను హజ్జాజ్ చంపించాడు. ఆ తిరుగుబాటులో చేరవద్దని చెప్పిన హసన్ బస్రీకి హజ్జాజ్ మీద ప్రేమ ఏమీ లేదు.

డెల్టాలో వ్యవసాయం చేసేవారికి ఈ తర్కం సులభంగా అందుతుంది. నీటి వంతు విషయంలో లస్కరు పక్షపాతం చూపుతున్నాడని శివారు రైతుకు తెలుసు. అతని మీద ఫిర్యాదు చేయవచ్చు, లాకు దగ్గర నిలదీయవచ్చు, పక్కవాడి బోదె పూడ్చమని అతడు పురమాయిస్తే చేయనని మొహం మీదే చెప్పవచ్చు. కాలువ గట్టుకు గండి కొడితే మాత్రం కొట్టినవాడి చేనుతో సహా ఆయకట్టంతా పోతుంది. ఫిత్నా (అంతఃకలహం) అన్న మాటతో పండితులు భయపడినది ఆ గండికే. ఒక్క రాత్రి పాలకుడు లేకుండా గడపడం కన్నా అరవై ఏళ్ల దుష్టపాలన మేలన్న నానుడిని ఇబ్ను తైమియ్యా ఉదహరించింది ఈ భయంతోనే. ఆయన మాత్రం నోరు మూసుకొని బతికిన మనిషి కాదు. పాలకులకు నచ్చని ఫత్వాల కోసం పదేపదే చెరకు వెళ్లి, 1328లో డమాస్కస్ కోటలో బందీగానే మరణించాడు.

తిరుగుబాటు వద్దన్నవారందరూ ఆజ్ఞలన్నిటికీ తలూపారని అనుకోకుండా ఉండటానికి అహ్మద్ బిన్ హన్బల్ జీవితం చాలు. 833లో అబ్బాసీ ఖలీఫా మామూన్, ఖుర్ఆన్ అనాదిగా ఉన్నది కాదు, సృష్టించబడినదేనన్న సిద్ధాంతాన్ని న్యాయాధికారులూ పండితులూ అంగీకరించి తీరాలని బాగ్దాద్ అధికారికి ఫర్మానా పంపాడు. చాలామంది ఒప్పుకున్నారు. అహ్మద్ ఒప్పుకోలేదు. సంకెళ్లతో ఆయనను ఖలీఫా దగ్గరకు తరలిస్తుండగానే మామూన్ చనిపోయాడు; తర్వాత వచ్చిన ముఅతసిం ఆయనను చెరలో ఉంచి, తన సమక్షంలో కొరడాలతో కొట్టించాడు. అయినా అహ్మద్ ఆ మాట అనలేదు. ఖుర్ఆన్ నుంచో, ప్రవక్త ఆచరణ నుంచో ఆధారం చూపించమన్నదే ఆయన సమాధానం. వివాదాన్ని దేనికి నివేదించాలని నాలుగో అధ్యాయం చెప్పిందో దానికే నివేదించాడు.

కథలో అసలు చిక్కుముడి ఆ తర్వాత ఉంది. వాసిఖ్ ఖలీఫాగా ఉన్న కాలంలో బాగ్దాద్ ఫఖీహులు (ధర్మశాస్త్రవేత్తలు) కొందరు అహ్మద్ ఇంటికి వచ్చి, పరిస్థితి చెయ్యి దాటింది, ఈ పాలకుణ్ణి మేమిక ఒప్పుకోము అన్నారు. హృదయాల్లో నిరసించండి, విధేయత నుంచి చెయ్యి వెనక్కి తీయకండి, మీ రక్తాన్నీ ముస్లింల రక్తాన్నీ పారించకండి అని ఆయన వారించాడు. ఏ పాలకుల కొరడా దెబ్బలు తన వీపు మీద ఉన్నాయో ఆ పాలకుల మీదనే తిరుగుబాటును ఆపాడు. ఆయనను పిరికివాడని ఎవరూ అనలేరు, రాజభక్తుడని అంతకన్నా అనలేరు. ముతవక్కిల్ ఖలీఫా అయ్యాక ఆ నిర్బంధ పరీక్షలు నిలిచిపోయాయి. రాజు మారాడు కాబట్టి గండం గడిచిందా, అహ్మద్ గెలిచాడా అన్నది వేరే చర్చ. మతసిద్ధాంతం ఏమిటో నిర్ణయించే హక్కు ఖలీఫాది కాదన్న సంగతి మాత్రం సున్నీ లోకంలో ఆ తర్వాత స్థిరపడిపోయింది. పన్ను వసూలు చేయవచ్చు, సైన్యాన్ని నడపవచ్చు, ధర్మాన్ని నిర్వచించజాలడు.

అందరూ అహ్మద్ దారిలోనే నడిచారనడం సరికాదు. 740లో కూఫాలో జైద్ బిన్ అలీ తిరుగుబాటుకు అబూ హనీఫా సానుభూతి చూపి ధనసహాయం చేసినట్టు ఆయన జీవితకారులు రాశారు. న్యాయాధిపతి పదవిని కాదన్నందుకు అబ్బాసీ ఖలీఫా మన్సూర్ ఆయనను చెరసాలకు పంపాడు, 767లో ఆయన బాగ్దాద్‌లో కన్నుమూశారు. మన ప్రాంతపు ముస్లింలలో అత్యధికులు ఆచరించే హనఫీ న్యాయమార్గానికి మూలపురుషుడు ఆయనే. మదీనాలో మాలిక్‌ను కూడా గవర్నరు కొట్టించాడు. నాలుగు సున్నీ న్యాయమార్గాల స్థాపకుల్లో ముగ్గురు ప్రభుత్వం చేతిలో శిక్షలు అనుభవించినవారే.

తిరుగుబాటు చేయవద్దన్న న్యాయవేత్తలే తిరుగుబాటుదారుల హక్కులపై విస్తారంగా రాశారంటే కొత్తగా వినేవారికి వింతగా ఉంటుంది. ఖుర్ఆన్ 49వ అధ్యాయం తొమ్మిదో వాక్యం విశ్వాసుల్లో రెండు పక్షాలు పోరాడుకుంటే సంధి చేయమంటుంది, పోరాడినవారిని అప్పటికీ విశ్వాసులుగానే సంబోధిస్తుంది. జమల్ యుద్ధంలో ఓడినవారి పట్ల అలీ నడుచుకున్న తీరు దీనికి ఆచరణ రూపం అయింది. ఈ ఆధారాలతో షాఫిఈ మొదలైనవారు ఒక పూర్తి చట్టాన్ని అల్లారు. ధర్మశాస్త్రానికి తాము చెప్పుకునే ఒక అన్వయం, వెనుక తగినంత జనబలం ఉన్నవారిని దోపిడీదారులుగా చూడకూడదు. వారిపై దాడికి ముందు వారి ఫిర్యాదు ఏమిటో విని, న్యాయమైనదైతే తీర్చాలి. యుద్ధం తప్పకపోతే, పారిపోయేవారిని తరమకూడదని, గాయపడ్డవారిని చంపకూడదని, వారి ఆస్తి కొల్లసొమ్ము కాదని, వారి కుటుంబాలను బానిసలను చేయకూడదని అధిక సంఖ్యాకులు చెప్పారు. పారిపోయినవారికి తిరిగి చేరడానికి దళం మిగిలి ఉంటే నియమం సడలుతుందని హనఫీలు వాదించారు. తిరుగుబాటుదారుల అధీనంలోని ప్రాంతంలో వారు నియమించిన ఖాజీ ఇచ్చిన తీర్పులు కూడా చెల్లుతాయి, వారు వసూలు చేసిన పన్నును ప్రజల నుంచి మళ్లీ వసూలు చేయకూడదు.

దారిదోపిడీకి ఖుర్ఆన్‌లో ఉన్న శిక్షలు చాలా కఠినమైనవి. అందుకే ఏ పాలకుడికైనా తనను ఎదిరించినవారిని దోపిడీదారులని పిలవడమే లాభం. న్యాయవేత్తలు గీత గీసినది ఆ లాభానికి అడ్డుగా. 1924 మే 7న పట్టుబడ్డ అల్లూరి సీతారామరాజును విచారణ లేకుండా కొయ్యూరులో కాల్చి చంపిన ప్రభుత్వం దగ్గర అటువంటి గీత లేదు. ముస్లిం రాజులందరూ ఆ గీతను గౌరవించారని కాదు, గౌరవించనివారే ఎక్కువ; కాని గీత పుస్తకాల్లో ఉన్నందువల్ల దాన్ని దాటినవారిని దాటారని చెప్పే వీలు పండితులకు మిగిలింది.

పదో శతాబ్దం తర్వాత సిద్ధాంతం క్రమంగా జారిన వైనం అంత మెచ్చుకోదగినది కాదు. 945 నుంచి బాగ్దాద్ ఖలీఫా బువైహీ సేనానుల చేతిలో కీలుబొమ్మ. 1058లో మరణించిన న్యాయవేత్త మావర్దీ ఖలీఫాకు ఏడు అర్హతలు రాసి, న్యాయబుద్ధి తప్పితే పదవి పోతుందని కూడా రాశాడు. తప్పిందని ఎవరు ప్రకటించాలి, ఎలా దించాలి అన్నది రాయలేదు. పైగా రాష్ట్రాన్ని బలంతో ఆక్రమించిన సేనానిని ఖలీఫా గుర్తిస్తే ఆ అధికారం సక్రమమవుతుందని దారి చూపాడు. 1111లో మరణించిన పండితుడు గజాలీ మరింత నిక్కచ్చిగా అడిగాడు: అర్హతలు లేవు కనుక ఇమామత్ (పాలకుడి పదవి) చెల్లదంటే, ఖాజీల నియామకాలు చెల్లవు, వారి ముందు జరిగిన వివాహాలు చెల్లవు, జనమంతా నిషిద్ధ జీవితం గడుపుతున్నట్టే, ఇది మేలా, అవసరం కొద్దీ ఉన్న అధికారాన్ని ఒప్పుకోవడం మేలా? 1258లో మంగోలులు బాగ్దాద్‌ను నేలమట్టం చేశాక కైరో ప్రధాన న్యాయాధిపతి ఇబ్ను జమాఆ అంచుకు వెళ్లాడు. అర్హతలు లేనివాడు, ఎవరి ప్రమాణమూ తీసుకోనివాడు బలంతో గద్దెనెక్కినా విధేయత తప్పనిసరి, అతన్ని మరొకడు కూలదోస్తే రెండోవాడే ఇమాం, అంటే పాలకుడు, అన్నాడు. గజాలీ వాదనలో బరువుంది. ఇబ్ను జమాఆ వాదనలో నాకు అలసట తప్ప మరేమీ కనిపించదు. పాలకుణ్ణి ఎన్నుకొని, అవసరమైతే తొలగించవలసిన పెద్దల మండలి గురించి ప్రతి గ్రంథమూ ప్రస్తావిస్తుంది. అటువంటి మండలికి స్థలం, సభ్యత్వం, కార్యవిధానం ఏ శతాబ్దంలోనూ ఏర్పడలేదు. ఈ సంప్రదాయంలోని పెద్ద లోటు విధేయతను బోధించడంలో లేదు, హద్దు దాటిన పాలకుణ్ణి రక్తపాతం లేకుండా దించే ఏర్పాటు చేసుకోకపోవడంలో ఉంది.

షియాల దారి వేరు. న్యాయమైన ఇమాం పన్నెండోవాడు, ఆయన అదృశ్యంగా ఉన్నాడు కనుక ఆయన తిరిగివచ్చేదాకా ప్రతి ప్రభుత్వమూ తాత్కాలికమే అన్న భావన పన్నెండు ఇమాంల షియాలను శతాబ్దాల పాటు రాజకీయాలకు కొంత దూరంగా ఉంచింది. 1979లో ఖుమైనీ ఇరాన్‌లో ఫఖీహ్ పాలనను స్థాపించి దాన్ని తలకిందులు చేశాడు. ఖవారిజుల ఉద్యమంలోనే పుట్టినా వారి ఉగ్రతను తిరస్కరించిన ఇబాదీలు ఒమాన్‌లో మిగిలారు. ఇమాంను పెద్దలు ఎన్నుకోవడం, తప్పితే తొలగించడం వారి సిద్ధాంతంలో భాగం. కోనసీమ నుంచి మస్కట్ వెళ్లి పనిచేసేవారు ఆ సంప్రదాయపు గడ్డమీదనే బతుకుతున్నారు, అయితే ఇప్పుడు అక్కడ ఉన్నది వంశపారంపర్య సుల్తాను. కువైట్, ఎమిరేట్స్ మసీదుల్లో ఖుత్బా ముగింపులో పాలకుడి కోసం ప్రార్థన ఉంటుంది.

ఖుత్బాలో ఎవరి పేరు చదివితే ఆ ఊరు వారిదని పూర్వం లెక్క. రాజమహేంద్రవరం పాత మసీదు ద్వారం మీది శాసనం 1324 నాటిది. గియాసుద్దీన్ తుగ్లక్ ఏలుబడిలో సాలార్ ఉల్వీ దాన్ని కట్టించాడు. అప్పటికి యువరాజుగా ఉన్న ఉలుగ్ ఖానే తర్వాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడు. వరస తిరుగుబాట్లతో సతమతమైన ఆ సుల్తాను తన అధికారానికి ధార్మిక ముద్ర కోసం కైరోలో ఉన్న అబ్బాసీ ఖలీఫాకు రాయబారం పంపి, నాణేలపై తన పేరు తీసేసి ఖలీఫా ముస్తక్ఫీ పేరు వేయించాడు. ఆ ఖలీఫా అప్పటికే చనిపోయినా కబురు ఢిల్లీకి చేరక నాణేలు అచ్చవుతూనే ఉన్నాయి. గోదావరి తీరం ఆపాటికే ముసునూరి నాయకుల చేతికి వెళ్లిపోయింది. విధేయతను నాణెం మీద ముద్రించి పొందవచ్చుననుకున్న పాలకుడికి ఇంతకన్నా చక్కని ఉదాహరణ దొరకదు.

పాలకుడే ముస్లిం కానప్పుడు ఏమిటన్న ప్రశ్న సిద్ధాంత గ్రంథాలకన్నా డెల్టా వంటి చోట్ల ఎక్కువ నలిగింది. మొఘల్ చక్రవర్తి షా ఆలం ఫర్మానా మీద ఉత్తర సర్కార్లు 1765లో ఈస్టిండియా కంపెనీ పాలయ్యాయి. ఢిల్లీలో ఇకపై క్రైస్తవుల ఆజ్ఞే నడుస్తున్నదని ధర్మశాస్త్ర పండితుడు షా అబ్దుల్ అజీజ్ ప్రసిద్ధమైన ఫత్వా ఇచ్చే నాటికి ఇక్కడ ఒక తరం గడిచిపోయింది. చిక్కు మరెక్కడో కాక నమాజులోనే వచ్చింది. జుమా నమాజు చెల్లడానికి సుల్తానుగాని అతని ప్రతినిధిగాని ఉండాలని హనఫీ గ్రంథాలు షరతు పెట్టాయి. సుల్తాను లేని చోట జుమా మానేయాలా? పాలన అవిశ్వాసుల చేతిలో ఉన్న చోట ముస్లింలు తమలో తాము అంగీకరించి ఇమాంను నిలుపుకోవచ్చు, వారి అంగీకారంతోనే ఖాజీ ఖాజీ అవుతాడు అని హనఫీ పండితులు జవాబిచ్చారు. అంటే రాజు స్థానంలోకి సముదాయపు సమ్మతి వచ్చింది. డెల్టాలో ప్రతి శుక్రవారం జరిగే జుమా ఈ తీర్పు మీదనే నిలిచి ఉంది. ఖలీఫాల కాలంలో కాగితం మీదనే ఉండిపోయిన సమ్మతి, సుల్తాను లేని చోట ఆచరణలోకి రావడం నాకు ఆశ్చర్యంగానే తోస్తుంది.

ఖాజీల విషయం ప్రభుత్వం దాకా వెళ్లింది. కంపెనీ కోర్టులకు అనుబంధంగా ఉన్న ముస్లిం న్యాయాధికారుల పదవులను 1864 చట్టం రద్దు చేసింది. గజాలీ అడిగిన ప్రశ్న మళ్లీ తలెత్తింది: ఖాజీ లేకపోతే నికాహ్‌ల సంగతేమిటి? 1880 ఖాజీల చట్టం మొదట మద్రాసు రాష్ట్రానికే వర్తించేలా వచ్చింది. ఒక ప్రాంతంలోని ముస్లింలు గణనీయమైన సంఖ్యలో కోరితే ప్రభుత్వం ఖాజీని నియమిస్తుంది. కాని ఆ ఖాజీకి తీర్పు చెప్పే అధికారమేదీ ఉండదు, నికాహ్‌కు అతని హాజరీ తప్పనిసరి కాదు. ముస్లిమేతర ప్రభుత్వం నియమించిన ఖాజీని అంగీకరించడానికి పండితులకు పాత ఉదాహరణలు ఉన్నాయి. మక్కాలో హింస భరించలేక ప్రవక్త అనుమతితోనే కొందరు సహచరులు అబిసీనియా వెళ్లి, క్రైస్తవ రాజు నజాషీ రక్షణలో ఏళ్ల తరబడి ఉన్నారు. ఆయన కొలువులో ఈసా (యేసు) గురించి అడిగినప్పుడు, ఆ సహచరుల్లో ఒకరైన జాఫర్ తన విశ్వాసాన్ని దాచకుండా చెప్పారు. ఖుర్ఆన్‌లోని యూసుఫ్ ఈజిప్టు రాజు ఖజానా బాధ్యతను తానే అడిగి తీసుకున్నారు.

ఇదంతా పాలకుడు మతాచరణలో అడ్డు రానప్పటి మాట. అడ్డు వచ్చినప్పుడు ఏం జరిగిందో చెప్పడానికి తెలుగునేల మీద ఒక ఘట్టం ఉంది. 1921 జూలైలో, తుర్కీ ఖలీఫా పదవిని నిలపాలన్న ఉద్యమపు కరాచీ ఖిలాఫత్ మహాసభ, బ్రిటిష్ సైన్యంలో కొనసాగడం ముస్లింకు హరామ్ అని తీర్మానించింది. తుర్కీ మీదకు తోటి ముస్లింలనే నడిపిస్తున్న సైన్యం అది. ఆ సెప్టెంబరులో గాంధీతో కలిసి మద్రాసు వెళుతున్న మౌలానా మహమ్మద్ అలీని వాల్తేరు స్టేషనులో అరెస్టు చేశారు. కరాచీలో జరిగిన విచారణలో ఆయనకూ, సోదరుడు షౌకత్ అలీకీ, దేవబంద్ పండితుడు హుసేన్ అహ్మద్ మదనీకీ మరికొందరికీ రెండేళ్ల కఠిన శిక్ష పడింది. 1858 ప్రకటనలో విక్టోరియా రాణి మత విషయాల్లో జోక్యం చేసుకోనని మాట ఇచ్చిందని, దైవాజ్ఞను మీరమనే చట్టం ఆ మాటనే మీరుతున్నదని మహమ్మద్ అలీ వాదించాడు. కొలువు మానమన్నారు, ఆయుధం ఎత్తమనలేదు. మూడు ప్రశ్నల్లో రెండోదానికే జవాబు చెప్పి, మూడోదాని జోలికి పోలేదు. 1923 డిసెంబరులో కాకినాడలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు అధ్యక్షుడుగా వచ్చినది, కొద్ది నెలల ముందే చెరసాల నుంచి విడుదలైన ఈ మహమ్మద్ అలీయే. ఆ సభ ముగిసిన రెండు నెలలకు, 1924 మార్చి 3న, అంకారాలోని శాసనసభ ఖిలాఫత్‌నే రద్దు చేసింది. సామ్రాజ్యానికి ఎదురు నిలిచినవారు, తాము విధేయత ప్రకటించిన ఖలీఫాను ఆయన సొంత ప్రజలే సాగనంపుతుంటే చూస్తూ ఉండవలసి వచ్చింది.

ఖలీఫా లేని లోకంలో మళ్లీ ఆలోచన మొదలుపెట్టినవారిలో కరాచీ ముద్దాయి మదనీ ముఖ్యుడు. దేశం మతాన్ని బట్టి ఏర్పడుతుందన్న ముస్లిం లీగ్ వాదాన్ని ఖండిస్తూ 1938లో ఆయన రాసిన చిన్న పుస్తకం మదీనా ఒప్పందాన్ని ఆధారంగా తీసుకుంది. మదీనాలో ముస్లింలూ యూదులూ ఒకే ఒడంబడికలో ఒక సముదాయంగా చేరారు కనుక భారతీయులంతా ఒక జాతి కావచ్చన్నది ఆయన వాదన. ఇక్బాల్ ఆయనను తీవ్రంగా విమర్శించాడు, పాకిస్తాన్ వచ్చింది. ఇక్కడ ఉండిపోయిన ఉలమాలకు మాత్రం ఒప్పందమే రాజ్యాంగంతో తమ సంబంధాన్ని వివరించే భాష అయింది. చేసిన ఒప్పందాలను నెరవేర్చమని ఖుర్ఆన్ ఐదో అధ్యాయం మొదటి వాక్యమే ఆజ్ఞాపిస్తుంది కనుక పన్ను చెల్లించడం, రోడ్డు నిబంధన పాటించడం, కోర్టు పిలుపుకు హాజరవడం ధార్మిక విధుల్లోకే వస్తాయి. ఒప్పందానికి రెండు పక్షాలు ఉంటాయి. అందువల్ల రాజ్యాంగం 25వ అధికరణ ఇచ్చిన మతస్వేచ్ఛ హామీ భంగపడిందనుకున్నప్పుడు న్యాయస్థానానికి వెళ్లడం, వీధిలో శాంతియుతంగా నిరసన తెలపడం, ఓటుతో ప్రభుత్వాన్ని మార్చడం ఈ దృష్టిలో అవిధేయత కిందికి రావు. మావర్దీ రాయకుండా వదిలిన పేజీ, పాలకుణ్ణి ఎవరు, ఎలా దించాలన్నది, ఈ దేశంలో ఐదేళ్లకోసారి జరిగే ఎన్నికల్లో పోలింగ్ బూత్ దగ్గర దొరుకుతుంది.